కాలు చూపించు

"ఏదీ, కాలు సూపించు."

పెరట్లో గిన్నెలు తోముతున్న కాసులమ్మ చేతిలో పీచు ఆగిపోయింది. కొన్నాళ్ళుగా రోజూ పొద్దున్నే వింటున్న మాటే అది. లేచి, చేతులు కడుక్కుని, గట్టు మీద కూర్చుని కుడికాలు చాపింది. అర్జునరావు కళ్ళజోడు సవరించుకుని, వంగి, మడమ పైకెత్తి చూశాడు. తువ్వాలు కొసతో అరికాలికి అంటిన బొగ్గు నుసి తుడిచాడు. మల్కాపురంలో ఎన్నిసార్లు తుడిచినా నేల మీద నుసి పడుతూనే ఉంటుంది. పాదాలు నల్లబడుతూనే ఉంటాయి. పోర్టులో క్రేను నడిపినన్నాళ్ళూ అదంతా ఒంటికి పూసుకుని ఇంటికి తెచ్చినవాడు, రిటైరయ్యాక ఇప్పుడు దాన్ని భార్య కాలి మీద నుంచి తుడుస్తున్నాడు. బొటనవేలితో పుండు మానిన చోట నొక్కాడు.

"నొప్పుందేటి?"

"తెల్దు. మీరు నొక్కుతున్నట్టే తెల్దు నాకు."

"మానిపోయింది. బాగా మానిపోయింది," అని, ఆమెతో కాకుండా ఇంకెవరితోనో చెబుతున్నట్టుగా అనుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

కాసులమ్మ కాలు అలాగే చాపుకుని కూర్చుంది. పెళ్ళై ఇన్నేళ్ళలో ఈ మనిషి ఆమె పాదం ముట్టుకుని ఎరగడు. సాయిశంకర్ కడుపులో ఉన్నప్పుడు కాళ్ళు రెండూ స్తంభాల్లా వాచిపోతే, "కడుపుతో ఉన్నోళ్ళకి వాయకుండా ఉంటాయేటి, లేచి పులుసు పెట్టు" అన్నవాడు. షుగరొచ్చి అరికాళ్ళు మొద్దుబారాయని చెప్తే, "నడిస్తే రగతం ఆడతాది" అన్నవాడు. అలాంటివాడు రోజూ వంగి కాలు చూస్తున్నాడంటే వేరే ఆడది మురిసిపోయేదేమో. కాసులమ్మకి మురిపెం రాలేదు. ప్రేమే అయితే కాలొక్కటే ఎందుకు చూస్తాడు? మొహం కూడా చూస్తాడు కదా.

ఏదో దాస్తున్నారు. ఇంటిల్లిపాదీ కలిసి ఏదో దాస్తున్నారు.

కిందటేడు ఆషాఢంలో మొదలైందంతా. సింహాచలం గిరి ప్రదక్షిణ నడిచి వచ్చాక కొన్నాళ్ళకి జ్వరం పట్టుకుంది. పగలు తగ్గేది, సాయంత్రానికి వచ్చేది. దగ్గు, చెమటలు, మనిషి సగమైపోయింది. వీధి చివర డాక్టరు ఛాతీ ఫోటో తీయించి, క్షయలా ఉంది, మందులు వాడదాం అన్నాడు. ఆ సాయంత్రమే అర్జునరావు ఆమె కంచం వెనక మేకుతో గీత గీశాడు. ఆమె ఎదురుగానే గీశాడు. "నీ మంచికే. కలిసిపోకుండా ఉంటాది," అన్నాడు. కంచం ఎలా కలిసిపోతుందో, కలిస్తే ఆమెకి మంచి ఎలా తప్పిపోతుందో ఆమె అడగలేదు. ఆ కంచంలోనే తింది, ఆ కంచాన్ని విడిగా తోమి విడిగా బోర్లించింది. మిగతా వాళ్ళ కంచాలు కూడా తనే తోమింది. అంటుకుంటుందన్న భయం తినే కంచానికే గానీ తోమే చేతికి లేనట్టుంది.

నెలలు గడిచినా ఆ మందులకి జ్వరం లొంగలేదు. శివరాత్రి రోజుల్లో తొడలో గడ్డ లేచింది. తెలివి తప్పితే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ డాక్టరమ్మ గడ్డలోంచి చీము తీసి పరీక్షకి పంపింది. జవాబు వచ్చాక మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది: "ఇది క్షయ కాదమ్మా. మెలియాయిడోసిస్ అంటారు. మట్టిలో, వాన నీళ్ళలో ఉండే బాక్టీరియా. షుగరున్న వాళ్ళని ఎక్కువ పట్టుకుంటుంది. క్షయలాగా, మామూలు జ్వరంలాగా, ఎన్ని వేషాలైనా వేస్తుంది. మనిషి నుంచి మనిషికి అంటుకోవడం దాదాపు లేనట్టే." తర్వాత అడిగింది. "ఈమధ్య మట్టిలో పని చేశారా? బురదలో చెప్పుల్లేకుండా నడిచారా?"

కాసులమ్మ నోరు తెరిచేలోగా అర్జునరావు అందుకున్నాడు. "నేదండీ. ఎక్కడికెల్తాదండీ, ఇల్లు కదల్దు."

అక్కడే మొదలైంది ఆమెకి అనుమానం. చేతికి సెలైను సూది, నాలుక మీద చేదు, మాట్లాడే ఓపిక లేదు. కానీ కళ్ళ ముందు ఆ ప్రదక్షిణ రాత్రంతా కదిలింది. ఆయన గుండెకి స్టెంటు వేసినప్పుడు సింహాచలం అప్పన్నకి మొక్కుకున్నాడు, గండం గట్టెక్కితే మా ఇంటిది నీ కొండ చుట్టూ ప్రదక్షిణ చేస్తుందని. గండం ఆయనది, మొక్కు ఆయనది, ముప్పై రెండు కిలోమీటర్ల నడక ఆమెది. కొండ కింద తొలిపావంచా మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టినప్పటి నుంచి వాన. హనుమంతవాక దాటాక తవ్విపోసిన రోడ్డు మీద చీలమండ దాకా బురద. ఎక్కడ ఏం గుచ్చుకుందో తెలియలేదు. అప్పూఘర్ దగ్గర సముద్రంలో కాళ్ళు కడుక్కుంటే పక్కావిడ, "అమ్మా, మీ కాలెంట రగతం" అంటే చూసుకుంది. ఇంటికొచ్చాక పసుపు అద్దింది. ఆయనకి కాఫీ కలిపింది.

అంతకుముందు మాత్రం? కొడుక్కి ప్లాంటులో ఉద్యోగం రావాలని మొక్కినప్పుడు తలనీలాలు ఇచ్చింది ఆమె. ఆయనకి ప్రమోషను రావాలని శనివారాలు ఒంటిపొద్దు ఉండి, షుగరు పడిపోయి వంటింట్లో కూలబడింది ఆమె. ఆయన దేవుడికి మాట ఇస్తూనే ఉంటాడు, ఆ మాటని ఆమె ఒంటి మీద చెల్లిస్తూనే ఉంటాడు. ఇది ఇప్పుడు తట్టిన సంగతి కాదు. ఎప్పటి నుంచో లోపల ఉన్నదే. అయితే పోగు చేసి ఒకచోట పెట్టి చూసుకోలేదెప్పుడూ.

ఇంజెక్షన్లు అయ్యాక, ఉగాది ముందు ఇంటికి పంపారు. వానాకాలం దాకా మాత్రలు. గొంతులో అడ్డుపడేంత తెల్లటి మాత్రలు. "జ్వరం లేదని ఆపేస్తే మళ్ళీ వస్తుంది, వస్తే ఈసారి చెప్పలేను," అంది డాక్టరమ్మ. "ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి. కాలికి చిన్న గీత పడకూడదు, బురద తగలకూడదు." కోడలు మధులత ఆ సాయంత్రమే మెత్తటి అట్టలున్న చెప్పులు కొని తెచ్చింది.

చెప్పులతో ఇల్లంతా తిరుగుతుంటే అర్జునరావు మొహం ముడుచుకునేది. "దీపం ఎట్టే ఇంట్లో సెప్పులేటి?" అన్నాడు మొదట. తర్వాత ఏమీ అనలేదు. అనకపోవడమే వింత. పోయిన వారం పొద్దున్న లేచేసరికి మంచం కింద చెప్పులు లేవు.

"కుక్క ఎత్తుకుపోనాదేమో," అన్నాడాయన పేపరు లోంచి.

తలుపులు వేసుకున్న ఇంట్లోకి కుక్క ఎలా వస్తుంది? కాసులమ్మ మధులత వైపు చూసింది. మధులత చూపు తిప్పుకుంది. కొన్న పిల్లే తీసేసిందా? గోదావరి వైపు పిల్ల. మాట మెత్తన. ఏదైనా మనసులో పెట్టుకుంటే తేలదు. ఈమధ్య వరండాలోకి వెళ్ళి ఫోనులో గుసగుసలాడుతోంది. కాసులమ్మ వస్తే ఆపేస్తోంది. "మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా" అన్న ముక్క ఒకసారి చెవిన పడింది. రాత్రి మాత్ర వేసుకున్నదీ లేనిదీ పోలీసులా దగ్గర నిలబడి చూస్తోంది. గీత గీసిన కంచం కూడా మూడు రోజుల్నించి అలమారులో కనబడటం లేదు. అసహ్యపడి పారేసిందేమో. రోగం తిరగబెట్టిందా? రక్త పరీక్షలో ఏదో వచ్చిందా? తనని భీమిలి దగ్గర అన్నగారింటికి పంపించేద్దామనుకుంటున్నారా?

పంపించడమనే ఆలోచననే కాసులమ్మ తట్టుకోలేదు. గుమ్మం దిగి వెళ్ళేవాళ్ళని సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడటం ఆమెకి అలవాటు. సాయిశంకర్ షిఫ్టుకి వెళ్ళినా, మధులత రుషికొండ ఆఫీసు బస్సుకి వెళ్ళినా, పొయ్యి మీద పాలు పొంగిపోయినా సరే నిలబడుతుంది. చెల్లెలు గంగాలమ్మ వల్ల వచ్చిన అలవాటది. ఊళ్ళో ఊడ్పులప్పుడు బురదలో దిగి జ్వరం తెచ్చుకుంది గంగాలమ్మ. దానికీ షుగరే. అక్కని చూడటానికి వచ్చి తిరిగి వెళ్తూ, భీమిలి బస్సెక్కి, "జెరం తగ్గితే వత్తానక్కా" అంటూ కిటికీలోంచి చెయ్యి ఊపింది. అర్జునరావు భోజనానికి వచ్చే వేళైందని బస్సు కదలకముందే కాసులమ్మ ఇటు తిరిగింది. గంగాలమ్మ మళ్ళీ రాలేదు. విషజ్వరం అన్నారు, క్షయ అన్నారు, ఎవరి నోటికొచ్చింది వాళ్ళన్నారు. ఆసుపత్రి మంచం మీద డాక్టరమ్మ మాటలు విన్నప్పుడు కాసులమ్మకి ముందు గుర్తొచ్చింది తన రోగం కాదు, ఆ కిటికీలోని చెయ్యి.

ఆమె బడికి వెళ్ళలేదు. కొడుకు చేత అక్షరాలు దిద్దిస్తున్నట్టు నటిస్తూ తను నేర్చుకుంది. అప్పట్నించి పేపర్లో ఆరోగ్యం పేజీ వదలదు. "సదివి సదివి డాకటరైపోయి నాకే మందులు రాసేత్తాదేమో" అని ఆయన వచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు. ఈమధ్య ఆ పేజీ కూడా తనకి అందడం లేదని కాసులమ్మ గమనించింది. ఆషాఢం వచ్చింది కదా, పేపరు నిండా ప్రదక్షిణ ఏర్పాట్ల గురించే ఉంటుంది. ఆయన చదివేసి మడిచి పరుపు కింద పెట్టేస్తున్నాడు. పేపరు దాచడానికీ కాలు చూడటానికీ సంబంధం ఉందని ఆమెకి అప్పటికి తట్టలేదు.

ఆ రోజు సాయంత్రం అర్జునరావు బట్టల సంచీతో వచ్చాడు. పసుపు రంగు నూలు చీర. "నీకే. బాగుందేటి?" పండక్కి కూడా తన చేత్తో చీర తెచ్చిన మనిషి కాదు. కాసులమ్మ చీర విప్పి చూసింది. ఎర్ర అంచు. మొక్కుబడి చీరలా ఉంది అనుకుంది. ముత్తైదువుగా సాగనంపేటప్పుడు కప్పే చీరలా కూడా ఉంది అనుకుంది. చీర మడిచి ఒళ్ళో పెట్టుకుని, "ఏటైనా ఉంటే సెప్పీండి," అంది.

"ఏటుంటాది? నీకు అన్నీ అనుమానాలే," అని ఆయన టీవీ పెట్టాడు.

మర్నాడు పొద్దున్న పక్కింటి మంగాయమ్మ కరివేపాకు కోసం వచ్చింది. గుమ్మంలోంచే గట్టిగా మాట్లాడే మనిషి.

"ఓలమ్మ, ఇంకా గిన్నెల దగ్గరే ఉన్నావేటి వొదినా! ఎల్లుండికి ఒంట్లో సత్తువ దాసుకోవద్దేటి?"

"ఎల్లుండేటి?"

"ఏటంటావేటి! సెతుర్దశి కాదేటి? అన్నయ్య సెప్పేడులే. ఆస్పత్రిలో నీకలాగున్నప్పుడు మొక్కీసుకున్నాడంట కదా, ఇది బతికితే మళ్ళీ ఏడు కూడా నడిపిత్తాను సామీ అని. కాలు కూడా మానిపోయిందంట కదా. అదురుట్టం వొదినా నీది, మొగుడంటే ఆలాటోడుండాల. మా ఆయనైతే నాను సచ్చినా మొక్కడు."

కరివేపాకు రెబ్బలు పట్టుకుని మంగాయమ్మ వెళ్ళిపోయింది. మలుపు దాకా చూడాలని కూడా కాసులమ్మకి గుర్తు రాలేదు. గట్టు మీద కూర్చుండిపోయింది. తడిసిన కాలు తన ముందే ఉంది. నల్లటి మడమ మీద మానిన పుండు గులాబీ రంగులో మెరుస్తోంది. "మానిపోయింది, బాగా మానిపోయింది." బేరానికి తోలబోయే ఎద్దు గిట్ట చూసినట్టు చూశాడా?

లేచి వంటింట్లోకి వచ్చింది. మధులత బల్ల దగ్గర నిలబడి హడావిడిగా ఉప్మా తింటోంది. ఆఫీసు బస్సుకి వేళైనట్టుంది. కాసులమ్మని చూసి కంచం పక్కన పెట్టింది. పెడుతుంటే కంచం కాస్త ఒరిగి, వెనక మేకు గీత కనబడింది.

"ఈ కంచం... నువ్వు తింటన్నావేటి?"

"అవునండి. మావయ్యగారు ఎన్నిసార్లు చెప్పినా దాన్ని విడిగానే పెడుతున్నారండి. నేనే తోమి దాచుకుని ఇందులోనే తింటున్నాను. చూసి చూసి ఆయనే మానేస్తారని."

కాసులమ్మ గోడకి ఆనుకుంది. "సెప్పులు నువ్వు తియ్యలేదన్నమాట."

మధులత కళ్ళు అటక వైపు వెళ్ళాయి. "మీకు తెలిసిపోయిందా అత్తయ్యగారూ?" "మావయ్యగారే అక్కడ పెట్టారండి. కాళ్ళు నేలకి అలవాటు పడాలన్నారు. నేను ఆయనతోటీ మీ అబ్బాయితోటీ పోట్లాడుతూనే ఉన్నాను. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, ఆ బురదలో అడుగు పెడితే ప్రాణానికే ముప్పు అన్నారు. ఆ సంగతి మావయ్యగారికి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా అంటే మీ అబ్బాయేమో, నాన్న మొక్కు కదా, మనమెందుకు అంటారు."

"మరి నాకెందుకు సెప్పలేదు?"

మధులత తల దించుకుంది. "మీకు చెబితే మీరు సరే అనేస్తారని భయమేసిందండి. మీరు ఎప్పుడూ వద్దనలేదు కదా."

ఇన్నాళ్ళూ అందరినీ అనుమానించిన కాసులమ్మకి, తనని కూడా ఒకరు అనుమానించారని తెలిసింది. పైగా ఆ అనుమానం నిజమే. మంగాయమ్మ చెప్పగానే తన లోపల ఒక గొంతు, స్వామి బతికించాడు కదా, నడిస్తే ఏం పోయింది అంది. ఇంకో గొంతు, నడవకపోతే ఆయన గుండెకి ఏదైనా అయితే అంది. ఆ రెండో గొంతుకి ఆమె చాలా భయపడుతుంది. అయినవాళ్ళు పోతారన్న భయంతో ఎవరేం మోపినా ఆమె మోసింది. జుట్టు ఇచ్చింది, ఆకలి ఇచ్చింది. ఇప్పుడు ఇవ్వడానికి ఏం మిగిలింది? గంగాలమ్మ కూడా ఎవరికీ వద్దని చెప్పలేదు. ఆ జ్వరంతోనే మళ్ళీ ఊడ్పుల్లోకి దిగింది.

"సెప్పులు దించీ అమ్మా," అంది.

సాయంత్రం అర్జునరావు కొబ్బరికాయ, పూలు పట్టుకుని వచ్చేసరికి ఇంట్లో టపటపమని చప్పుడు. కాసులమ్మ చెప్పులతో హాల్లో నడుస్తోంది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవులు దించేరవి?"

"నానే దింపించేను. ఎల్లుండి నాను నడవను."

మంగాయమ్మ నోరు ఆయనకి తెలుసు. ఎలా తెలిసిందని అడగలేదు. కుర్చీలో కూలబడ్డాడు. "దేవుడితో ఆట్లాడకే. మొక్కు తీర్సకపోతే ఏటవుద్దో తెల్సా?"

"తీర్సకపోతే ఏటవుద్దో నాకు తెల్దు. తీరిస్తే ఏటవుద్దో తెల్సు. డాక్టరమ్మ అడిగితే ఇల్లు కదల్దని ఎందుకు సెప్పేరు మీరు?"

ఆయన కొబ్బరికాయని ఒళ్ళో అటూ ఇటూ తిప్పాడు. "సామి మీదకి మాటొత్తాదని," అన్నాడు చివరికి.

"సామి మీదకా, మీ మీదకా?"

"నువ్వు బతకాలనే కదే మొక్కేను!" కళ్ళజోడు తీసేశాడు. "ఆ గాజు తలుపు కాడ నిలబడి ఏడుసుకుంటా మొక్కేను. ఎవులికి తెల్సు నా బాద?"

అబద్ధం కాదు. ఆయన ఏడ్చి ఉంటాడు. అదే కాసులమ్మకి కష్టంగా ఉంది. ఏడవని మనిషైతే ఎదురు చెప్పడం సులువు. ఆమె ఆయన ముందు నిలబడి నెమ్మదిగా అడిగింది.

"అంత ఏడుపులో, నానే నడుత్తాను సామీ అని ఎందుకు రాలేదు మీ నోటికి?"

"నా గుండె..."

"నా కాలు?"

బయట రిఫైనరీ గొట్టం మీది మంట కిటికీ అద్దాల మీద ఎర్రగా ఊగింది. లోపల మధులత గిన్నె పెట్టిన చప్పుడైంది.

"బతకాలని మొక్కేరు," అంది కాసులమ్మ. "బతికేను. ఇంక బతకనీండి."

చెప్పులు విప్పకుండానే దేవుడి గూటి దగ్గరికి వెళ్ళింది. అగ్గిపుల్ల గీసింది. భయం పోలేదు. అదెక్కడికీ పోదు, ఆమెతోనే ఉంటుంది. దీపం వెలిగించి, పెదవులు కదలకుండా చెప్పుకుంది: స్వామీ, పోయినేడు నడిచింది నేనే, నువ్వు చూశావు. ఈ ఏటిది ఆయన మాట. మీరూ మీరూ మాట్లాడుకోండి.

చతుర్దశి సాయంత్రం పాత స్నేహితుడు జగ్గయ్య ఆటో తెచ్చాడు. అర్జునరావు కొబ్బరికాయ తీసుకుని, చెప్పులు గుమ్మంలో వదిలి మెట్టు దిగాడు. దిగి, వెనక్కి చూశాడు. ఇన్నేళ్ళూ ఆయన ఎప్పుడు వెనక్కి చూసినా గుమ్మంలో ఆమె ఉండేది. ఈసారి కాసులమ్మ వంటింట్లో, చేతిలో తెల్లటి మాత్ర, మరో చేతిలో నీళ్ళు పట్టుకుని ఉంది. ఆటో కదిలిన చప్పుడు విన్నది. మలుపు తిరిగే చప్పుడు కోసం చెవి లాగింది. ఆగి, మాత్ర మింగింది.

తెల్లవారి ఆయన గేటు తీసుకుని వచ్చాడు. తొలిపావంచా నుంచి కొండ కిందే ఉన్న అడివివరం దాకా నడిచాడట, అక్కడ ఆయాసం వస్తే జగ్గయ్య ఆటో ఎక్కించాడట. అది ఎవరినీ చూడకుండా, గోడతో చెప్పినట్టు చెప్పాడు. పంచె మోకాళ్ళ దాకా బురద. పెరట్లోకి వచ్చి, రోజూ ఆమె కూర్చునే గట్టు మీదే కూర్చున్నాడు.

కాసులమ్మ కుర్చీ తెచ్చుకుని, చెప్పుల కాళ్ళతో ఎదురుగా కూర్చుంది. నీళ్ళ చెంబు ఆయన వైపు జరిపింది. వంగలేదు.

"ఏదీ," అంది, "కాలు సూపించండి."